గేమ్ ఫ్రీనే.. మరి డబ్బులెలా పోతున్నాయి? ఫోన్ ఆటకు ఎంత ఖర్చు పెట్టొచ్చో ఇలా లెక్కేసుకోండి

"ఫ్రీ గేమే కదా నాయినా, ఒక్క మ్యాచ్ ఆడి ఇచ్చేస్తా.." గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇంట్లో ఈ మాట కొత్తేమీ కాదు. అందులో అబద్ధం కూడా లేదు. బీజీఎంఐ అయినా, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అయినా డౌన్‌లోడ్‌కు పైసా కట్టక్కర్లేదు. కట్టాల్సింది తర్వాత. అది కూడా ఒకేసారి కాదు, చిన్న చిన్న ముక్కలుగా.

చాలా ఇళ్లలో ఈ విషయంలో రెండే తీర్పులు ఉంటాయి. ఒకటి, "అసలు ముట్టుకోవద్దు". రెండోది, గోల చేయకుండా ఉంటే చాలని ఫోన్ చేతిలో పెట్టేయడం. మధ్యలో ఒక నంబర్ ఉండాలి కదా? నెలకు ఎన్ని రూపాయలు, రోజుకు ఎంతసేపు అన్నది ఎవరూ కూర్చుని మాట్లాడుకోరు. పిల్లలే కాదు, డ్యూటీ దిగి వచ్చాక అర్ధరాత్రి దాకా ఆడే ఇరవై, పాతికేళ్ల యువకులు కూడా ఈ లెక్క వేసుకోరు.

అవ్వ ఫోన్.. మనవడి చేతిలో పిన్

ఉమ్మడి పాలమూరులో ఈ ప్రశ్నకు ఇంకో కోణం ఉంది. ఇక్కడి నుంచి పని కోసం హైదరాబాద్, పుణె, ముంబైకి వెళ్లే కుటుంబాలు తక్కువేం కాదు. అమ్మానాన్నలు అక్కడ, పిల్లలు ఊర్లో అవ్వ, తాతల దగ్గర. వీడియో కాల్ కోసమని ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోన్ ఉంచుతారు. బ్యాంకు మెసేజ్‌లు వచ్చేదీ అందులోనే. రూ.2,016 ఆసరా పింఛను, ఎకరాకు సీజన్‌కు రూ.6 వేల రైతు భరోసా.. డబ్బు ఏదైనా పడిందా లేదా అని చూసి చెప్పేది మనవడే. యాప్ వాడటం అవ్వకు రాదు కాబట్టి యూపీఐ పిన్ కూడా వాడికే తెలుసు. అంటే ఇంటి ఖజానా తాళంచెవి, గేమ్ ఉన్న ఫోన్ రెండూ ఒకే చేతిలో ఉన్నట్టు.

2022 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక పదహారేళ్ల అబ్బాయి ఫ్రీ ఫైర్‌లో తల్లి ఖాతాల్లోంచి సుమారు రూ.36 లక్షలు ఖర్చు చేసిన సంగతి వార్తల్లో వచ్చింది. మొదలైంది రూ.1,500తో. తర్వాత రూ.10 వేలు, ఆ తర్వాత ఇంకా పెద్ద మొత్తాలు. తల్లి బ్యాంకుకు వెళ్లేదాకా విషయమే బయటపడలేదు.

మన ఖాతాలో లక్షలు లేవు, మనకేం భయం అనుకోవద్దు. రూ.2,016 పింఛన్‌లోంచి రూ.800 టాప్‌అప్‌కు పోతే, ఆ నెల అవ్వకు పన్నెండు రోజుల ఖర్చు పోయినట్టే. పోలీస్ స్టేషన్ దాకా వెళ్లే మొత్తం కాదది. అందుకే ఇలాంటివి వార్తల్లోకి రావు, ఇంట్లోనే గొడవై ముగిసిపోతాయి.

రూపాయి ఎక్కడ మాయమవుతుంది?

గేమ్‌లో ఎక్కడా రూపాయి గుర్తు పెద్దగా కనిపించదు. బీజీఎంఐలో యూసీ, ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో జెమ్స్. ముందు రూపాయలతో వీటిని కొనాలి, తర్వాత వీటితో వస్తువు కొనాలి. జాతరలో రంగులరాట్నం టికెట్‌కు డబ్బులిచ్చేటప్పుడు జేబులోంచి నోటు తీస్తాం కాబట్టి మనసు ఒకసారి లెక్క చూసుకుంటుంది. ఇక్కడ ఆ క్షణమే ఉండదు. 300 యూసీ ఖర్చు పెడుతున్న పిల్లాడికి తాను రూపాయలు ఖర్చు పెడుతున్నట్టే అనిపించదు.

ఇంకో కిటుకు ప్యాక్‌లలో ఉంది. కావాల్సిన వస్తువు ధర ఒకటి, అమ్మే ప్యాక్ సైజు ఇంకొకటి. ఎప్పుడూ కొంత తక్కువ పడుతుంది, లేదా కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలినదాన్ని వృథా చేయడం ఎందుకని మరో ప్యాక్ కొంటారు. దానికి తోడు పక్కన తిరిగే టైమర్.. "ఇంకా 2 రోజులే". సీజన్ అయిపోగానే కొత్త పాస్, కొత్త డ్రెస్సులు మళ్లీ సిద్ధం.

అన్ని గేమ్‌లూ ఒకేలా అమ్మవు. బీజీఎంఐలో ఎక్కువగా అమ్మేది అందం. డ్రెస్, గన్ రంగు, పారాచూట్. వాటితో బుల్లెట్ దెబ్బ పెరగదు. ఫ్రీ ఫైర్‌లో మాత్రం కొన్ని గన్ స్కిన్‌లకు డ్యామేజ్, ఫైరింగ్ స్పీడ్ లాంటి అదనపు బలాలు కూడా ఉంటాయి. డబ్బు పెట్టినవాడితో పెట్టనివాడు సమానంగా పోటీపడటం అక్కడ కాస్త కష్టమే. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో కోట కట్టాలంటే గంటలు, రోజులు ఆగాలి. జెమ్స్ పెడితే వెంటనే పూర్తవుతుంది. క్యాండీ క్రష్‌లో ఐదు లైఫ్‌లు అయిపోతే ఒక్కో లైఫ్‌కు అరగంట ఆగాలి, లేదంటే కొనాలి. ఇక్కడ అమ్ముతున్నది వస్తువు కాదు. ఆలస్యాన్ని గేమే సృష్టించి, దాన్ని తప్పించుకోవడానికి మన దగ్గరే డబ్బు తీసుకుంటోంది.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది స్పిన్‌లు, క్రేట్‌లతోనే. ఏ వస్తువు వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టడం అంటే కొనుగోలు కన్నా లక్కీ డ్రాకు దగ్గర. బెల్జియం 2018లోనే ఇలాంటి కొన్ని పెట్టెలు తమ జూద చట్టం కిందకు వస్తాయని తేల్చింది. ఇంట్లో ఒక్క రూల్ మాత్రమే పెట్టే ఓపిక ఉంటే ఇదే పెట్టొచ్చు. ధర, వస్తువు రెండూ ముందే కనిపిస్తేనే కొనాలి. స్పిన్‌కు మాత్రం రూపాయి కూడా వద్దు.

"గంటకు ఎంత పడింది?" అని పిల్లలు అడిగితే..

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక వాదన తెస్తారు. అది బలమైన వాదనే. సినిమాకు వెళ్తే టికెట్ రూ.150 అనుకుందాం. రెండున్నర గంటల వినోదం, అంటే గంటకు రూ.60. గేమ్‌లో నెలకు రూ.300 పెట్టి 60 గంటలు ఆడితే గంటకు పడేది రూ.5 మాత్రమే. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ ఖర్చు కూడా ఉండదు. మరి ఏది చవక?

లెక్క కరెక్టే. ఒక్కటి తప్ప. ఈ లెక్కలో ఎంత ఎక్కువ ఆడితే గేమ్ అంత చవక అవుతుంది. అదే రూ.300కు 150 గంటలు ఆడితే గంటకు రూ.2. అంటే రాత్రంతా మేలుకుని ఆడినవాడే అందరికన్నా పొదుపరి అని తేలుతుంది! డబ్బు ఆదా అయినట్టు చూపించడానికి టైమ్‌ను పైసా విలువ లేనిదిగా లెక్కేస్తున్నాం. అందుకే గంటకు ఎంత అన్న లెక్క పీఎస్5 లాంటి పెద్ద కొనుగోలుకు కొంత ఉపయోగపడుతుంది. 2021 ఫిబ్రవరిలో రూ.49,990 ధరతో మన దేశంలోకి వచ్చిన ఆ మెషీన్‌ను కొనాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు ఎన్ని గంటలు ఆడతామన్నది చూడాల్సిందే. రోజూ చేతిలో ఉండే ఫోన్ గేమ్‌కు మాత్రం ఆ లెక్క పనికిరాదు. డబ్బుకు ఒక హద్దు, టైమ్‌కు ఇంకో హద్దు. రెండూ విడివిడిగా పెట్టుకోవాలి.

డబ్బుకు కూలి లెక్క

మరి డబ్బు హద్దు ఎంత? దీనికి దేశమంతటికీ ఒకే నంబర్ లేదు. ఇంటి ఆదాయమే కొలబద్ద. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి రూ.307. ఆ కూలితో బతికే ఇంట్లో నెలకు రూ.300 టాప్‌అప్ అంటే అమ్మ ఒకరోజు ఎండలో మట్టి తీసిన పని. నెల జీతం రూ.15 వేలు వచ్చే యువకుడికి అదే రూ.300 తన సంపాదనలో 2 శాతం. రెండూ ఒకటి కావు. కొనే ముందు "ఇది మా ఇంట్లో ఎవరి ఎన్ని గంటల పని?" అని ఒక్కసారి అనుకుంటే యూసీ మళ్లీ రూపాయిగా కనిపించడం మొదలవుతుంది.

గద్వాల మగ్గాల ఇళ్లలో ఈ పోలిక ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక్కో చీర నేయడానికి డిజైన్‌ను బట్టి రోజులకు రోజులు పడుతుంది. కాటన్ ఒంటికి పట్టు అంచు, కొంగు అతికించే పనికి పక్కన ఇంకో చేయి సాయం కావాలి. అలా తయారైన చీర ఖరీదైనదే. కానీ ఇరవై ఏళ్ల తర్వాత కూడా బీరువాలో ఉంటుంది, కూతురు కట్టుకుంటుంది. గేమ్‌లో కొన్న డ్రెస్ మాత్రం మనది కాదు. వాడుకోవడానికి కంపెనీ ఇచ్చిన అనుమతి, అంతే. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్‌జీ మొబైల్ కూడా ఆ జాబితాలో ఉంది. అక్టోబర్ 30న మన దేశంలో సర్వర్లు ఆగిపోయాయి. అప్పటిదాకా కొన్న స్కిన్‌లన్నీ ఒక్క రోజులో అందకుండా పోయాయి. 2021 జులైలో బీజీఎంఐ వచ్చాక పాత డేటా మార్చుకునే వీలు ఇచ్చారు సరే, ఏడాది తిరగగానే 2022 జులైలో అది కూడా ప్లేస్టోర్ నుంచి మాయమైంది. 2023 మేలో తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్ మీద 2022 ఫిబ్రవరిలో నిషేధం పడింది.

అందుకని స్కిన్‌లే కొనొద్దని కాదు. జాతరలో బొమ్మ కొన్నట్టు, ఆ రోజు సంతోషానికి ఇంత అని కొనొచ్చు. "ఐడీకి తర్వాత మంచి రేటు వస్తుంది, పెట్టుబడి" అనుకుని మాత్రం కొనకూడదు. ఐడీలు అమ్మడం గేమ్ రూల్స్‌కే విరుద్ధం. పైగా ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్‌లలో "సగం ధరకే యూసీ" అనే వాళ్లకు పాస్‌వర్డ్ ఇస్తే ఐడీ, డబ్బు రెండూ పోతాయి.

టైమ్‌ను నిమిషాల్లో కాదు, మ్యాచ్‌ల్లో కొలవండి

"ఇంకో పది నిమిషాలే" అంటారు పెద్దలు. పదకొండో నిమిషంలో ఫోన్ లాక్కుంటారు. గొడవంతా అక్కడే. బీజీఎంఐలో పెద్ద మ్యాప్‌లో ఒక మ్యాచ్ చివరిదాకా ఆడితే అరగంట దాకా పడుతుంది. నలుగురు ఒక స్క్వాడ్. మధ్యలో ఒకడు వెళ్లిపోతే మిగతా ముగ్గురూ దెబ్బతింటారు. కబడ్డీ కూతకు వెళ్లినవాణ్ని లైన్ దాటకముందే అన్నానికి పిలిచినట్టు ఉంటుంది. నిమిషాలకు బదులు రోజుకు రెండు మ్యాచ్‌లు అని పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది. మూడో మ్యాచ్ మొదలైతే అప్పుడు అడగడానికి హక్కు ఉంటుంది.

ఆ స్క్వాడ్ అన్న మాటను పెద్దలు కాస్త గమనించాలి. గేమ్‌కు ఉన్న అసలు విలువ చాలాసార్లు అందులోనే ఉంటుంది. బాబాయి కొడుకు పుణెలో, చిన్నప్పటి దోస్తు హైదరాబాద్ హాస్టల్‌లో, తను అచ్చంపేటలో. ముగ్గురూ రాత్రి ఎనిమిదింటికి మైక్ ఆన్ చేసి మాట్లాడుకుంటూ ఆడుతున్నారంటే, అది కట్ట మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం లాంటిదే. ఒంటరిగా తెల్లవారుజాము దాకా స్పిన్‌లు తిప్పడం దానితో సమానం కాదు. రెండు గంటలు ఆడాడు అని మాత్రమే చూస్తే ఈ తేడా కనిపించదు.

అయినా గంటలు గంటలే. రోజుకు రెండు గంటలంటే ఏడాదికి 730 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో చూస్తే 91 రోజులు. మూడు గంటలైతే దాదాపు 137 రోజులు. ఆ టైమ్ దేనిలోంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న. ఖాళీగా టీవీ చూసే టైమ్‌లోంచి వస్తే పెద్ద నష్టం లేదు. నిద్రలోంచి వస్తే ఉంది. నడిగడ్డలో సీడ్ పత్తి క్రాసింగ్ సీజన్‌లో పొద్దున్నే చేలో ఉండాలి. ముందురోజు సిద్ధం చేసిన పూలకు ఉదయమే పుప్పొడి అద్దకపోతే కాయ నిలవదు. రాత్రి రెండింటి దాకా ఆడిన కుర్రాడు అక్కడ ఎలా పనిచేస్తాడో ఆ పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. టెన్త్ పిల్లలకు మార్చి దగ్గరపడేటప్పుడూ ఇదే పరిస్థితి. దసరా సెలవుల్లో మూడు మ్యాచ్‌లు ఎక్కువ ఆడినా నష్టం లేదు, పరీక్షలప్పుడు ఒక్కటి కూడా ఎక్కువే కావొచ్చు. హద్దు ఏడాదంతా ఒకేలా ఉండాలని రూలేం లేదు.

ప్రపంచంలో ఈ గంటల మీద ఎవరి లెక్క వాళ్లదే. చైనా 2021 సెప్టెంబర్ నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే ఆన్‌లైన్ గేమ్ అని కట్టడి పెట్టింది. బీజీఎంఐ 2023లో తిరిగొచ్చినప్పుడు మైనర్లకు రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటల పరిమితి పెట్టారు. కానీ వయసు తప్పుగా కొట్టి, నాన్న నంబర్‌తో లాగిన్ అయితే ఆరు గంటల లెక్కే వర్తిస్తుంది. ఆ మాటకొస్తే ఆరు గంటలు అన్నది ఆడమని ఇచ్చిన సలహా కాదు, గరిష్ఠ పరిమితి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే అసలు గంటలే చెప్పలేదు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. అందులో చూసేవి మూడు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఇవి మామూలుగా ఏడాది పాటు కొనసాగితేనే ఆ పేరు పెడతారు. ఎక్కువ ఆడే ప్రతి పిల్లాడికీ జబ్బు అంటగట్టక్కర్లేదు.

ప్రో ప్లేయర్ అవుతానంటే?

కావొచ్చు. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. 2024లో బీజీఎంఐ జాతీయ టోర్నీ బీజీఐఎస్ ఫైనల్స్ జరిగింది మన హైదరాబాద్‌లోనే, ప్రైజ్ మనీ రూ.2 కోట్లు. అయితే దేశమంతా ఆడితే ఆ ఫైనల్‌కు వెళ్లినవి 16 టీమ్‌లు. ఇంకో ముఖ్యమైన విషయం.. ఆ స్థాయికి వెళ్లడానికి స్కిన్‌లు కొనాల్సిన పనే లేదు. "ప్రో అవ్వాలంటే టాప్‌అప్ కావాలి" అంటే ఆ వాదనను పక్కన పెట్టేయొచ్చు.

పందెం ఉంటే అది గేమ్ కాదు

రమ్మీ, బెట్టింగ్ యాప్‌లను ఈ లెక్కల్లో కలపకూడదు. అక్కడ "ఎంత విలువ" అన్న ప్రశ్నే లేదు. టాప్‌అప్‌లో పోయిన రూ.100 పోయిందనే తెలుస్తుంది. బెట్టింగ్‌లో పోయిన రూ.100 తిరిగి వస్తుందనిపిస్తుంది, దాని కోసం ఇంకో వెయ్యి పెట్టిస్తుంది. తెలంగాణ 2017లోనే చట్టం సవరించి డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా, నిషేధించింది. కానీ గద్వాల సరిహద్దు జిల్లా. అవతల రాయచూరు వైపు కర్ణాటక. అక్కడ తెచ్చిన నిషేధాన్ని 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. ఇక్కడ తెరుచుకోని యాప్ అక్కడికి పోతే పనిచేసేది.

ఆ సందు మూసేయడానికే కేంద్ర చట్టం వచ్చింది. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించగా, 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు పందెం ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసినా శిక్షే. ఆడి మోసపోయినవాళ్లకు మాత్రం శిక్ష లేదు, కాబట్టి భయపడి దాచాల్సిన పని లేదు. ఈ-స్పోర్ట్స్, మామూలు సరదా గేమ్‌లను చట్టం పందెం ఆటల నుంచి వేరుగానే చూసింది. బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై 2025 మార్చిలో మియాపూర్ పోలీసులు పలువురు సినీ ప్రముఖులు, ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసు పెట్టిన సంగతి తెలిసిందే.

ఫోన్‌లో ఇవి మార్చండి

ముందుగా పిన్. అవ్వ, తాతల ఖాతా ఉన్న ఫోన్‌లో యూపీఐ పిన్ మార్చి, ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్లొకరి దగ్గరే ఉంచండి. గేమ్ ఆడే ఫోన్, పింఛను ఖాతా లింక్ అయిన ఫోన్ వేరువేరైతే ఇంకా మంచిది. ప్లేస్టోర్‌లో పేమెంట్స్ దగ్గరికెళ్లి సేవ్ అయి ఉన్న కార్డులు, యూపీఐ ఐడీలు తీసేయండి. ప్లేస్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టుకుంటే పుణెలో ఉన్న నాన్న కూడా ఊర్లో ఉన్న కొడుకు ఫోన్‌కు టైమ్ పరిమితి పెట్టొచ్చు, కొనుగోలుకు అనుమతి ఇవ్వొచ్చు. పెద్దవాళ్లు తమ కోసం పెట్టుకోవాలంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే డిజిటల్ వెల్‌బీయింగ్ ఉంది.

నెలకు ఇంత అని ఒప్పుకుంటే, ఆ మొత్తానికే గూగుల్ ప్లే రీఛార్జ్ కోడ్ కొనివ్వడం తేలిక పద్ధతి. కోడ్ అయిపోతే ఆ నెలకు అంతే, బ్యాంకు ఖాతా జోలికి పోయే దారే ఉండదు. ఆ నెల ఏం కొన్నావో చూపించమని అడగండి. తిట్టడానికి కాదు, నిజంగా చూడటానికి. పోయిన నెల కొన్న డ్రెస్ ఈ నెల ఒక్కసారైనా వేశాడా అన్నది వాడికే తెలుస్తుంది.

పిల్లలు పొరపాటున కొన్నారని తెలిస్తే ఆలస్యం చేయొద్దు. 48 గంటలలోపు గూగుల్‌కు రీఫండ్ రిక్వెస్ట్ పెడితే డబ్బు వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు మోసం చేసి డబ్బు లాగితే వెంటనే 1930కు కాల్ చేయాలి. ఆట ఆపలేకపోతున్నామని పిల్లలకు గానీ, పెద్దలకు గానీ అనిపిస్తే టెలీ మానస్ నంబర్ 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, 24 గంటలూ ఉచితం.